నకలు ముతాబిఖె అసల్: కరీంనగర్, ఆదిలాబాద్ దస్త్రాల తారీఖ్

తెలంగాణ పల్లెల్లో ఈ పదిహేనేళ్ళలో అందరి నోటా నానిన ఇంగ్లీష్ మాట ఒకటుంది: సర్వర్ డౌన్. మీసేవ ముందు లైన్లో నిలబడ్డ ముసలాయనకు ఇంగ్లీష్ రాదు, కానీ ఈ మాట తెలుసు. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలిముద్ర పడకపోతే "సర్వర్ వస్తలేదు" అంటారు. తహసీల్ ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కు స్లాట్ దొరికిన రోజే సర్వర్ పండుకుంటది. వాన రాకపోతే ఎవరినీ అడగలేనట్టు, సర్వర్ రాకపోయినా ఎవరినీ అడగలేం అనే కాడికి వచ్చింది.

దోస్తులారా, పండుకున్న సర్వర్ ఎప్పుడో ఒకప్పుడు లేస్తది. అది చిన్న ముసీబత్. లేవకుండానే పోయిన వాటి సంగతి ఏమిటి? మన ఉత్తర తెలంగాణ జిల్లాల దస్త్రాలు ఎన్నిసార్లు ఖరాబయ్యాయి, వాటికి మరమ్మత్ ఎవరు చేశారు, నకళ్ళు ఎక్కడ దాచారు, అక్కరకొచ్చిన రోజు ఆ నకళ్ళు పనిచేశాయా? ఈ సవాల్ కంప్యూటర్‌తో మొదలైంది కాదు. నూటాభై ఏళ్ళ నాటిది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ తారీఖ్ ఒకసారి తిరగేద్దాం.

ముందు మాటల సంగతి. తెలుగులో దస్త్రాల గురించి మాట్లాడాలంటే ఉర్దూ, ఫార్సీ, అరబీ మాటలు లేకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. కాగితం కాగజ్ నుంచి వచ్చింది. దస్త్రం దఫ్తర్ నుంచి. అసలు, నకలు, వసూలు, బాకీ, హక్కు, రుజువు, దాఖలా, అన్నీ అరబీ ఇంటి పిల్లలే. బియ్యం బస్తా అంటాం కదా, ఫార్సీలో బస్తా అంటే కట్టినది అని అర్థం. దఫ్తర్లో కాగితాలను గుడ్డలో చుట్టి ముడేసిన మూటను బస్తా అనేవారు. ఇవాళ కంప్యూటర్ చెడిపోతే రిపేర్ అంటున్నాం గానీ, మరమ్మతు కూడా ఆ ఇంటి మాటే. ఇన్ని మాటలు మన దగ్గరికి వచ్చాయంటే వాటి వెనుక ఒక పని పద్ధతి కూడా వచ్చిందని అర్థం.

ఆ పద్ధతి గట్టిపడింది 1870ల తర్వాత. మొదటి సాలార్‌జంగ్ హయాంలో హైదరాబాద్ రియాసత్‌లో జిల్లాలు ఏర్పడి, సర్వే బందోబస్తు మొదలైంది. 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. 1317 ఫస్లీలో, అంటే 1907లో, మాల్గుజారీ కానూన్ వచ్చింది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీష్ సాల్ వస్తుందని పాత పట్టాలు చూసిన వాళ్ళందరికీ తెలుసు. అప్పటికి మన జిల్లాల సరిహద్దులు కూడా కుదుటపడుతున్నాయి. ఎల్గందుల ఖిలా కింద ఉన్న జిల్లా సదర్ మకాం 1905లో కరీంనగర్‌కు మారింది. ఆ ఊరికి పేరిచ్చింది సయ్యద్ కరీముద్దీన్ అంటారు. అదే ఏడు ఆదిలాబాద్ వేరే జిల్లా అయింది. దాని సదర్ మకాం 1913 నుంచి 1941 దాకా ఆసిఫాబాద్‌లో ఉండి మళ్ళీ ఆదిలాబాద్‌కు వెళ్ళింది. మకాం మారిన ప్రతిసారీ బస్తాలు కూడా మారాల్సిందే. ఈ రోజుల్లో డేటా మైగ్రేషన్ అంటున్న పనిని ఆ రోజుల్లో బండ్ల మీద చేశారు.

భూమి దస్త్రాల్లో తల్లి లాంటిది సేత్వార్. సర్వే అయ్యాక ఏ నంబర్‌లో ఎంత విస్తీర్ణం, ఏ తరహా నేల, ఎంత శిస్తు, ఎవరి పేరు అని రాసిన మొదటి రిజిస్టర్ అది. దాని మీద ఏటేటా నడిచేది పహాణీ. వసూలైంది, బాకీ ఉన్నది చూపించేది వసూల్ బాకీ. కొలతల నక్షా టిప్పన్. ఒక పొలం కథ ఒక్క కాగితం మీద ఉండేది కాదు. కొంత ఊళ్ళో పట్వారీ బస్తాలో, కొంత తహసీల్లో, కొంత సర్వే మహకమాలో ఉండేది. ఒకచోట చెద పట్టినా ఇంకోచోట నుంచి లాగి చూసే మోకా ఉండేది. ఇవాళ బ్యాకప్ గురించి చెప్పే ఇంజినీర్ మొదటి పాఠంగా చెప్పేదీ ఇదే: నకలు అసలు ఉన్న గదిలోనే పెట్టొద్దు.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. నకలు కావాలని అర్జీ పెడితే నకల్‌నవీస్ కూర్చుని అసలు చూసి రాసేవాడు. రాసేసి చేతికి ఇచ్చేవాడు కాదు. తర్వాత ముకాబలా జరగాలి. ఒకరు అసలు పైకి చదువుతుంటే ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి పోల్చి చూడాలి. సరిగ్గా ఉందని తేలాకే కింద 'నకల్ ముతాబిఖె అసల్' అని రాసి, దస్తఖత్ చేసి, ముహర్ వేసేవారు. అసలుకు సరితూగిన నకలు అని మతలబ్. కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే, కాపీ చేసినవారు, పోల్చి చూసినవారు అని రెండు సంతకాలకు వేర్వేరు జాగాలు ఇవాళ్టికీ కనిపిస్తాయి. హాఫిజ్‌లు చదివేటప్పుడు వెనుక ఒకరు వింటూ తప్పు పోతే సరిదిద్దటం కూడా ఈ కోవకు చెందిన ఇంతెజామే. ఉర్దూలో కంప్యూటర్ మెమరీని హాఫిజా అంటారు. కానీ మన కంప్యూటర్ల వెనుక వినేవాడిని ఎవరూ నిలబెట్టలేదు. మన జిల్లాల కంప్యూటర్ కష్టాలన్నీ ఈ ఒక్క ముకాబలా పోవటం దగ్గర మొదలయ్యాయని నా ఖయాల్.

పాత జమానా బంగారం అని చెప్పటం నా ఉద్దేశం కాదు. పట్వారీ ఇంట్లో ఉన్న బస్తా ఊరి మెడ మీద కత్తి కూడా. ఎవరి పేరు కొట్టేసి ఎవరి పేరు రాసినా రైతుకు తెలియదు, ఎందుకంటే రాసింది అతనికి రాని జబాన్‌లో. ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కొలాం రైతులు తరాలుగా దున్నిన భూములు కాగితం మీద ఇంకొకరివిగా తేలాయి. జల్, జంగల్, జమీన్ అన్న కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడిని ఆ ఇలాకాకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. ఆ దశకంలో చాలామంది గోండులకు పట్టాలు దక్కాయి. ఆయన తీసిన ఫోటోలు, రాసుకున్న కాగితాలు ఇవాళ లండన్‌లోని సోయస్ సంస్థ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మన అడవి హాఫిజాకు ఒక నకలు ఏడు సముద్రాల అవతల ఉంది. మార్లవాయి మనవళ్ళు తాత ముఖం చూడాలంటే లండన్ వైపు చూడాలి.

పోలీస్ యాక్షన్ తర్వాత 1954-55లో ఊరూరా ఖాస్రా పహాణీ తయారైంది. భూమి తగాదా ఏదైనా సరే, వకీల్ సాబ్ మొదట అడిగేది ఇవాళ్టికీ ఆ కాగితాన్నే. 1956 నవంబర్ 1న రియాసత్ మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసింది. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు సర్కారు పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పట్వారీ పెత్తనం పోవటం మంచిదే. కానీ ఊళ్ళో ఏ నంబర్ ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, ఆ గొలుసుకట్టు రాతను చదివే మనిషి కూడా దాంతో పాటే పక్కకు పోయాడు. కాగితం ఉంది, కాతిబ్ లేడు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. విలేకరిగా జిల్లాల్లో తిరిగిన రోజుల్లో, ఫలానా ఆయనకు ఉర్దూ వస్తదట అని తెలిసి జిరాక్స్ కాగితాలు పట్టుకుని వచ్చేవారు. "సాబ్, జర ఇది చదువున్రి, మా తాత పేరు ఉన్నదా సూడున్రి." బడిలో నేర్చిన ఉర్దూ నస్తాలీఖ్. పాత దఫ్తర్ రాత షికస్తా. షికస్తా అంటే విరిగినది. కలం ఎత్తకుండా గబగబా రాసిన రాత, నుక్తాలు సగం ఉండవు. ఉర్దూలో నుక్తా పైన పెడితే ఖుదా, కింద పెడితే జుదా. అసలు నుక్తానే పెట్టకపోతే మతలబ్ ఎటైనా పోతుంది. లెక్కలైతే మరీ కష్టం. అంకెలు మనకు తెలిసిన అంకెలు కావు, సియాఖ్ అనే రఖం. అరబీలో ఒకటి, పది, వంద అనే మాటలను ముడిచి ముడిచి గీతలుగా మార్చిన లెక్కల లిపి అది. షికస్తా, సియాఖ్ రెండూ తెలిసిన పెద్దమనుషులు పట్టణానికి ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ళ ఇంటి ముందు చెప్పుల జతలు చూస్తే హకీమ్ దవాఖానా గుర్తొచ్చేది.

ఇక్కడ ఆగి ఒక మాట గమనించండి. ఆ కాగితాలు చెడిపోలేదు. సిరా నిలిచింది, ముహర్ నిలిచింది. చదివే నజర్ పోయింది. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే ఫైల్ ఉంది, తెరిచే సాఫ్ట్‌వేర్ లేదు. ఉర్దూకు ఈ గతి పట్టటానికి రెండు మూడు తరాలు పట్టింది. కంప్యూటర్ ఫైళ్ళకు పదేళ్ళు చాలాయి.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ బజార్లలో డి.టి.పి. సెంటర్లు 1990లలో లేచాయి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ మ్యాగజైన్లు, చిన్న అఖ్బార్లు అన్నీ అక్కడే తయారయ్యేవి. గోడకు ఏసీ, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే జాగా, కంప్యూటర్ మీద పూల గుడ్డ. ఇంత మర్యాద చేసినా మిషన్ అలిగేది. ముఖ్య కారణం కరెంటు. రామగుండం ఎన్.టి.పి.సి. 1990ల మొదట్లోనే 2,100 మెగావాట్ల స్టేషన్. పొగ మనకు, బొగ్గు బూడిద మనకు. కరెంటు మాత్రం తీగల మీద దూరం వెళ్ళేది, మన బజార్లలో బల్బు మినుకు మినుకుమనేది. వోల్టేజ్ పడటం, లేవటం, పోవటం, మళ్ళీ రావటం. తిరుగుతున్న హార్డ్ డిస్క్‌కు ఇంతకన్నా జహర్ లేదు. పళ్ళెం మీద రాస్తున్న సూది సగం మాటలో ఆగిపోతే ఆ ఫైల్ సగం మాటగానే మిగులుతుంది. యూపీఎస్ పెట్టారు గానీ దాని బ్యాటరీ రెండు మూడేళ్ళకే చచ్చిపోయేది. గోదావరిఖని, మందమర్రి వైపు అయితే బొగ్గు దుమ్ము డబ్బా లోపల ఫ్యాన్ రెక్కలకు పేరుకుని మిషన్ వేడెక్కేది.

మరమ్మత్ అంటే ఒక చిన్న సఫర్. ఊళ్ళో మెకానిక్‌కు తేలకపోతే డబ్బాను దుప్పట్లో చుట్టి ఆర్టీసీ బస్సులో పార్సిల్‌గా సికింద్రాబాద్ పంపాలి. చెనాయ్ ట్రేడ్ సెంటర్లో దాని రోగం తేలేది. వారం పది రోజులకు తిరిగొచ్చేది. ఊళ్ళో మెకానిక్ దగ్గర అన్ని రోగాలకూ ఒకటే ఇలాజ్ ఉండేది: "ఫార్మాట్ కొట్టాలె." జ్వరం వస్తే మనిషినే మార్చేసినట్టు. ఫార్మాట్ కొట్టగానే మిషన్ కొత్త పెళ్ళికొడుకులా లేచి కూర్చునేది, లోపలి సామాను మాత్రం గాయబ్.

రోగాలు కూడా దేశాల అవతల నుంచి వచ్చాయి. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరస్ ప్రపంచమంతా ఒకే రోజు నిద్ర లేచింది. చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తారీఖ్ అదే కాబట్టి దానికి చెర్నోబిల్ వైరస్ అని పేరు పడింది. తైవాన్ విద్యార్థి ఒకతను రాసిన ఆ వైరస్ హార్డ్ డిస్క్ మొదటి భాగాన్ని తుడిచేసేది, కొన్ని మిషన్లలో బయోస్ చిప్‌ను కూడా పాడు చేసేది. దొంగ సీడీల మీద నడిచే మన ఆసియా దేశాల మిషన్లు ఎక్కువగా బలయ్యాయి. ఆ వెంటనే 2000ల మొదట్లో ఇంకో బలా. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న కెపాసిటర్లలో నాసిరకం రసాయనం పోయటంతో అవి ఉబ్బి, పగిలి, కారిపోయేవి. లోకమంతా లక్షల మిషన్లు ఈ ఒక్క రోగంతో పోయాయి. మన మెకానిక్ పిల్లలు ఇంగ్లీష్ పత్రికలు చదవకుండానే ఈ రోగాన్ని పట్టుకున్నారు. డబ్బా విప్పగానే "కెపాసిటర్ ఉబ్బింది భాయ్" అని, టంకం వేసే కడ్డీతో పాతది పీకి, కొత్తది అతికించి, పది రూపాయల సామానుతో వేల రూపాయల బోర్డును బతికించేవారు. ఆ హునర్ గురించి ఏ తారీఖ్‌లోనూ రాయలేదు.

ఇక నకళ్ళ సంగతి. 1.44 ఎం.బి. ఫ్లాపీలో ఒక పేజీ ఫోటోలతో సహా పట్టేది కాదు, పట్టినా వర్షాకాలంలో బూజు పట్టేది. తర్వాత సీడీలు వచ్చాయి. వందేళ్ళు ఆగుతాయని అమ్మారు. మన ఎండల్లో కొన్నేళ్ళకే వాటి మీది రంగు పొర వెలిసిపోయింది. 2000లలో నేను ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో ఉండగా జరిగిన సంగతి చెబుతాను. జగిత్యాల వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు గల్ఫ్‌లో పనికి పోయి అక్కడే ఇంతెఖాల్ అయ్యాడు. అప్పుడు జిల్లా పేజీలో వార్త వచ్చింది, ఫోటో కూడా వేశారు. సర్కారీ సాయం కోసం పెట్టుకున్న అర్జీకి ఆ పేపర్ జత చేయమని ఎవరో చెప్పారట. ఇంట్లో ఉన్న పేపర్ వానకు పోయింది. డెస్క్‌లో ఆ ఏడాది పేజీలున్న హార్డ్ డిస్క్ అప్పటికే కాలిపోయి ఉంది. పర్వాలేదు, ప్రతి వారం సీడీ కొట్టి, మీద స్కెచ్ పెన్‌తో తారీఖ్ రాసి, సొరుగులో వరుసగా పెట్టి ఉన్నాయి. తీసి పెడితే స్క్రీన్ మీద ఫైల్ పేర్లన్నీ కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. వెళ్ళిపోయిన ఆపరేటర్ ఏడాది పొడుగునా ఫైళ్ళను కాకుండా డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ గుర్తులను మాత్రమే కాపీ చేశాడు. ఇంటికి దారి చూపే బాణం గుర్తులు ఉన్నాయి, ఇల్లు లేదు.

పెద్దాయనకు ఇదంతా చెప్పి సమజ్ చేయటం ఎట్లా? ఆయన ఒకటే మాట అన్నాడు: "పేపర్ల అచ్చయింది గద బిడ్డా, యాడికి పోతది?" అచ్చయింది పోదు అనేది ఆయన తరం యఖీన్. ఆ సీడీలకు ఒక్కరోజు ముకాబలా జరిగి ఉంటే, ఒక్కసారి ఎవరైనా తెరిచి చూసి ఉంటే ఆ యఖీన్ నిలబడేది. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. నకలు తీయమని అతనికి చెప్పినవాళ్ళున్నారు, పోల్చి చూడమని ఇంకొకరికి చెప్పినవాళ్ళు లేరు.

సీడీ తెరుచుకున్న చోట ఇంకో తాళం ఉండేది, ఫాంట్. యూనికోడ్ మొదటి రూపం 1991లోనే వచ్చింది, అందులో తెలుగు, అరబీ లిపులు రెండూ ఉన్నాయి. కానీ మన డి.టి.పి. బజార్లు చాలా ఏళ్ళు దాని మొహం చూడలేదు. తెలుగు పేజీలు అను ఫాంట్లలో, ఉర్దూ పేజీలు 1994లో వచ్చిన ఇన్‌పేజ్‌లో తయారయ్యాయి. ఇన్‌పేజ్ రాకతో కాతిబ్‌ల కలాలు ఆగాయి, అది వేరే ఖిస్సా. ఈ ఫైళ్ళను ఆ సాఫ్ట్‌వేర్ లేని మిషన్లో తెరిస్తే తెలుగు స్థానంలో ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఉర్దూ ఫైలైతే అసలు నోరే తెరవదు. తాతల షికస్తా మనకు అర్థం కానట్టే, మనం ఇరవై ఏళ్ళ కింద రాసుకున్నది మన పిల్లల మిషన్లకు అర్థం కావటం లేదు. ఇందులో ఒక వింత కూడా ఉంది. దఫ్తర్ల సియాఖ్ అంకెలు 2018లో యూనికోడ్‌లో చేరాయి. నిజాం కాలపు లెక్కల లిపికి కంప్యూటర్‌లో శాశ్వతమైన జాగా దొరికింది, మన 1998 నాటి కరపత్రానికి దొరకలేదు.

దీని వల్ల తారీఖ్‌లో పడ్డ గండి ఎంతో ఒక మిసాల్‌తో చెబుతాను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఖబర్ ఆనాటి పత్రికల్లో ఎట్లా వచ్చిందో ఇవాళ లైబ్రరీకి పోయి పాత ఫైళ్ళు తిరగేసి చూడొచ్చు. 2001లో మన జిల్లా పేజీల్లో వచ్చిన వార్తలు చూడాలంటే నాకు దారి కనిపించటం లేదు. జిల్లా టాబ్లాయిడ్లను లైబ్రరీలు మెయిన్ పేపర్‌లా బైండ్ చేసి దాచలేదు. కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని అందరూ బేఫికర్‌గా ఉన్నారు. ఎన్‌కౌంటర్లు, పత్తి రైతుల చావులు, సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు, గల్ఫ్ నుంచి వచ్చిన శవపేటికలు, అన్నీ ఆ జిల్లా పేజీల్లోనే వివరంగా వచ్చాయి. మన ఇలాకా అత్యంత కష్టం చూసిన సంవత్సరాలే అత్యంత తక్కువ సాక్ష్యం మిగిలిన సంవత్సరాలయ్యాయి.

సర్కారీ కంప్యూటర్ల కథ కూడా ఇదే తోవలో నడిచింది. భూమి రికార్డుల కంప్యూటరీకరణకు కేంద్రం 1988-89లో దేశంలో 8 జిల్లాలను ఎంచుకుంటే మన రంగారెడ్డి అందులో ఒకటి. 1998 నవంబర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పథకం వచ్చింది. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడిపోయాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయాయి. బస్తాలు మళ్ళీ కదిలాయి. 2017 సెప్టెంబర్ 15న రికార్డుల ప్రక్షాళన మొదలైంది. తగాదా ఉన్న భూములను పార్ట్-బి అని పక్కన పెట్టారు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది, కొత్త పాస్‌బుక్కులు చేతికొచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, ఊళ్ళ రికార్డులన్నీ ఒక్కసారిగా పైకి చేరాయి. అక్టోబర్ 29న ధరణి తెరుచుకుంది.

ధరణి మంచి చెడ్డల మీద సియాసీ బహస్ చాలా జరిగింది, అది నాకొద్దు. నకలు కోణంలో మాత్రం చూద్దాం. వేల ఊళ్ళ రిజిస్టర్ల నుంచి అంకెలు, పేర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎక్కించినదాన్ని ఊళ్ళో నలుగురి ముందు పైకి చదివి, అసలుతో పోల్చే ముకాబలా పూర్తిగా జరగలేదు. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కొత్త రికార్డులో లేకుండా పోయింది. అంటే నకలు అసలు కన్నా చిన్నదైంది. ఒక అంకె తప్పు పడితే, గుంటలు ఎకరాలైతే, పేరు పక్కింటాయనకు పోతే, సరిదిద్దటానికి మొదట్లో సరైన దారి కూడా లేదు. తర్వాత ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ వచ్చారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినా రైతు అడిగే సవాల్ మారదు: స్క్రీన్ మీద ఉన్నది నా సేత్వార్‌తో, నా ఖాస్రాతో సరితూగిందా? ఎవరు పోల్చి చూశారు?

ఈ ముసీబత్ మన ఒక్కరిదే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1086లో విలియం రాజు దేశం మొత్తం భూములు రాయించాడు. దాన్ని డూమ్స్‌డే బుక్ అంటారు. వాళ్ళ సేత్వార్ అనుకోండి. 1986లో దానికి 900 ఏళ్ళు నిండాయని బీబీసీ పది లక్షల మందికి పైగా జనంతో ఆధునిక డూమ్స్‌డే తయారు చేయించి లేజర్ డిస్కుల్లో పెట్టింది. పదిహేనేళ్ళు తిరిగే సరికి ఆ డిస్కులను చదివే మిషన్లే దొరకలేదు. 2002లో పరిశోధకులు నానా తంటాలు పడి పాత మిషన్‌ను కొత్త కంప్యూటర్‌లో నకలు చేసి దాన్ని బతికించారు. చర్మం మీద లాటిన్‌లో రాసిన అసలు పుస్తకం మాత్రం హాయిగా ఉంది. చర్మం ఒక్కటే దాన్ని కాపాడలేదు. తొమ్మిది వందల ఏళ్ళుగా లాటిన్ చదివే మనుషులను ఆ దేశం తయారు చేస్తూ వచ్చింది.

నిన్నగాక మొన్న, 2025 సెప్టెంబర్ 26న, దక్షిణ కొరియాలోని తేజాన్ నగరంలో సర్కారీ డేటా సెంటర్ తగలబడింది. నిప్పు పుట్టింది యూపీఎస్ బ్యాటరీల దగ్గర. ఉద్యోగుల ఫైళ్ళు దాచే జి-డ్రైవ్ అనే ఖజానా, 858 టెరాబైట్లు, బూడిదైంది. ఇంత పెద్దదానికి నకలు తీయటం కష్టమని బయట ఎక్కడా తీసి పెట్టలేదు. టెక్నాలజీలో లోకానికే ఉస్తాద్ అనుకునే ముల్క్ అది. జగిత్యాల డెస్క్ సొరుగుకూ తేజాన్ డేటా సెంటర్‌కూ మధ్య ఫర్క్ సైజులోనే ఉంది.

అయితే ఏం చేయాలి? కంప్యూటర్ పారేయమని అనను. పట్వారీ బస్తా రోజులు మళ్ళీ రావొద్దు. ఊళ్ళో కూర్చుని ఫోన్‌లో తన సర్వే నంబర్ తానే చూసుకోగలగటం గోండు రైతుకూ, ముసల్మాన్ ఇనాందారు వారసులకూ చిన్న నెయమత్ కాదు. పాత దఫ్తర్ నుంచి తీసుకోవాల్సిన రెండు మూడు ఆదతులు తీసుకుంటే చాలు. మీ ఇంటి కాగితాలు, పట్టా, నిఖానామా, సర్టిఫికెట్లు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టి మర్చిపోకండి. ఒక నకలు ఇంట్లో ఉంటే ఇంకోటి వేరే ఊళ్ళో అక్కయ్య ఇంట్లోనో తమ్ముడి మిషన్‌లోనో పెట్టండి. ఏడాదికి ఒకసారి, పండుగకు ఇల్లు దులిపినప్పుడు, వాటిని తెరిచి చూడండి. తెరుచుకోని నకలు నకలు కిందికి రాదు. అను, ఇన్‌పేజ్ ఫైళ్ళు ఉన్నవాళ్ళు వాటిని చదివే మిషన్ బతికి ఉండగానే యూనికోడ్‌లోకి మార్చి, ముఖ్యమైనవి కాగితం మీద అచ్చు తీసి పెట్టండి. కాగితాన్ని చిన్న చూపు చూడొద్దు. మన ఆదిలాబాద్ ఇలాకాలో కాగితం పేరు మీద ఒక ఊరే ఉంది. 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు కాగజ్‌నగర్‌ను నిలబెట్టింది. 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. ఖరాబైన మిషన్ కూడా మరమ్మత్‌తో లేస్తుందని ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు.

సర్కారును అడగాల్సింది కూడా ఉంది. రికార్డు సర్వర్‌లోకి ఎక్కిన ప్రతి ఊళ్ళో గ్రామసభ పెట్టి, పేరు పేరునా పైకి చదివి, పాత రిజిస్టర్‌తో ముకాబలా చేయాలి. జిల్లాకు ఇద్దరైనా షికస్తా, సియాఖ్ చదవగలిగే పిల్లలను తయారు చేయాలి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు. బోర్డుల మీద రాయటానికే కాకుండా తహసీల్ అల్మారాలు చదవటానికి కూడా ఆ భాష అక్కరకు రావాలి. ఆ పని నేర్పగలిగిన బుజుర్గులు ఇంకా కొందరున్నారు. వాళ్ళు పోయాక అల్మారాలు స్కాన్ చేసి ఎన్ని టెరాబైట్లు నింపినా, అవి మా డెస్క్ సీడీల్లాగే పేర్లు మాత్రం చూపిస్తాయి.

దస్త్రం అమానత్ అని పెద్దలనేవారు. ఒకరు మన దగ్గర దాచుకున్నది, అడిగిన రోజు ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇవ్వాల్సింది. జగిత్యాల పెద్దాయన అడిగిందీ అంతే. ఆ పేజీ నకలు ఎవరి ఇంట్లోనైనా, ఏ పాత ట్రంకు పెట్టెలో అడుగున పరిచిన కాగితంగానైనా మిగిలి ఉంటుందని నా ఉమ్మీద్. ఈ పండుగకు ట్రంకులు సర్దేటప్పుడు కింద పరిచిన జిల్లా పేజీలను పారేయకండి. తారీఖ్ చూసి, ఒక సంచిలో పెట్టి ఉంచండి.